చక్రాల జోళ్లలో మెత్త

ఆ గోనె మూతి అప్పుడే కట్టీకు ఒదినా. ఆగు. ఒక్క నిమిసం ఆగు. పురికొస నీ సేతిలోనే ఉంటాది, ఎవులూ లాగీసుకోరు.

గెడ్డ నీళ్లలో పారేత్తావో, జాకరమ్మ తల్లి రాయి కాడ వదిలేత్తావో, రేపు పూజ సేసీ దిసారి ఎలాగ సెప్తే అలాగే సెయ్యి. మేకని కోసుకోండి, మొక్కుకోండి, నాను అడ్డం రాను. స్కేట్లు నీ కూతురివి, నీ ఇష్టం. నాకు కావాల్సింది ఆటి లోపల ఉన్న రెండు మెత్తలు. కాలి కింద ఏసినవి. నా సేతుల్తో కుట్టినవి కదా, అవి తీసి ఇచ్చీ, లెగిసి ఎళ్లిపోతాను.

ఏటలాగ సూత్తావు?

సరే, ఇవ్వకు. ఇవ్వకపోతే ఇక్కడే కూకుంటాను. ఎండ బాగానే ఉంది. ఆ కర్ర ఇలాగియ్యి, నీ కాపీ గింజలు నాను తిరగేత్తాను. కింద పక్క ఇంకా తడే ఉన్నాది సూడు. రెండు రోజుల్నుంచి ఎవులూ తిరగేసినట్టు నేదు. బూజు పట్టీసిందంటే ఎవులు కొంటారు మరి?

ఇరవై రోజులయినాది నువ్వు నాతోటి నోరిప్పి. మా అన్నతోటి అయినా మాట్లాడతన్నావో నేదో తెల్దు. ధర్మన్న నన్ను సూసీసరికి తల దించుకుని పసువులెనక ఎళ్లిపోతన్నాడు. నానేటి, ఈ ఇంటి ఆడపిల్లని కానేటి? ఆడపిల్ల గుమ్మంలోకొత్తే గలాసుడు నీళ్లయినా ఇత్తారు కదా!

వద్దులే, నీళ్లు వద్దు. ఊరికే అన్నాను. కూకో.

ప్రసన్న గుంట లోపలుందా? పడుకున్నాదా? కాలు దిండు మీదే ఎట్టుకున్నాదా? డాక్టరు బాబు ఎత్తుగా ఎట్టమన్నాడు కదా, నేకపోతే వాపు దిగదన్నాడు. సరే సరే, గట్టిగా మాట్లాడనులే.

నాకు ఏడుపు రాటం నేదు ఒదినా. నిజం, ఒట్టు. ఆ రోజు నుంచీ ఒక్క సుక్క రానేదు. అన్నం తింటన్నాను, పడుకుంటన్నాను, లెగుత్తన్నాను. కుట్టు మిసను ముందర కూకుంటన్నాను. సంచీకి జిప్పు ఏసిమ్మంటే ఏసి ఇత్తన్నాను. మేనగోడలి కాలు ఇరిగితే దీనికి సీమ కుట్టినట్టయినా నేదు అని జనం అనుకుంటన్నారు. అనుకోనీ. ఆళ్లు అన్నదాంట్లో తప్పేటుంది?

నిన్న పుల్లల మోపుతోటి ఈశ్వరమ్మ ఎదురొచ్చి మళ్లీ అదే మాట. 'గుంట రాయి కాడ స్కేట్లు ఇప్పకుండా దాటీసినాది, అమ్మోరు ఊరుకుంటాదేటి, కాలు ఇరిసీసినాది.' ఊరంతా ఒకటే మాట. అందుకే మేక. అందుకే ఈ గోనె. అందుకే దాన్ని ఇంక పోటీలకి పంపరు, హాస్టల్‌కి పంపరు, ఇంట్లో కూకోబెట్టి పసుపు ఉడకబెట్టిత్తారు. అంతేనా? స్కేటింగు నేర్పే రవిబాబు మాస్టారు గుమ్మంలో నిలబడి అరగంట బతిమాలితే నువ్వు తలుపు ఏసీసినావంట. పాపం ఆయన. ఆర్నెల్లు ఆగితే కాలు ఎప్పట్లాగే అయిపోతాదని, మళ్లీ ఎక్కొచ్చని డాక్టరు బాబే సెప్పినాడని సెప్పడానికి వొచ్చినారు.

ఎందుకు తల ఊపుతావు? ఎక్కొద్దా? సరే.

ఆ స్కేట్లు మొదట ఇంటికొచ్చిన రోజు గేపకం ఉందా నీకు? దీపాళి ముందర. హాస్టల్ నుంచి ప్రసన్న ఇలాంటి గోనెలోనే ఏసుకుని బుజాన మోసుకొచ్చినాది. పట్నంలో పిల్లలు వాడి వదిలేసినవి మాస్టారు అడిగి తెచ్చినారంట. బూటు కింద నాలుగు సక్రాలు, ఒకదానెనక ఒకటి. నువ్వు సేట పక్కనెట్టి, 'ఏటే ఇది, కాళ్లకి బండి కట్టుకుంటావేటి?' అన్నావు. అప్పుడు నవ్వినావు ఒదినా. నవ్వినావు, నాను సూసాను. అది ఈ వాకిట్లోనే ఈ సివర్నుంచి ఆ సివరకి జారి, కోడిపెట్ట మీద పడబోయి, గోడ పట్టుకుని నిలబడినాది. మా అన్న కూడా నవ్వినాడు.

తర్వాత ఆదివారం నా కాడికొచ్చి కాళ్లు సూపించినాది. ఓలమ్మో! మడమల తోలు వలిసిపోయి, సిటికెనేలు కాడ బొబ్బ సితికిపోయి, మేజోడు అంటుకుపోయి ఉన్నాది. మన కాళ్లు ఎలాగుంటాయో తెలుసు కదా. కొండెక్కీ దిగీ కాళ్లు, ఏళ్లన్నీ ఇసనకర్రలాగ ఇచ్చుకుని ఉంటాయి. ఆ బూట్లేమో పట్నం కాళ్లకి సేసినవి, ముందర సన్నంగా ఉంటాయి. దూరిత్తే ఊరుకుంటాయేటి? దానికి తోడు మన రోడ్డు. తారు పోయి కంకర పైకి తేలిపోనాది. 'అత్తా, సక్రం తిరుగుతున్నంతసేపూ అదురు మోకాలి దాకా వత్తాది. పది నిమిసాలయ్యాక పాదం ఉందో నేదో కూడా తెల్దు' అన్నాది.

నాకు జాలి ఎయ్యాలి కదా? సంతోసం ఏసినాది. సిగ్గు నేకుండా సెప్తన్నాను, సంతోసం ఏసినాది.

ఆరేళ్లు దిగువన జోళ్ల కంపినీలో సేసి వొచ్చినాను. ఊర్లో ఎవులైనా దాని గురించి ఒక్క మాట అడిగినారేటి? పట్నంలో ఏటి తిన్నావు, ఎన్ని సినిమాలు సూసావు, అంతే. సోములూ నీకు ఏటి పని వొచ్చు అని నువ్వు కూడా అడగనేదు ఒదినా. 'అత్తా, నీకు జోళ్ల సంగతి తెలుసు కదా' అని కాలు నా ఒళ్లో ఎట్టిన మనిసి అదొక్కతే. పన్నెండేళ్ల గుంట.

మరి నాకు తెలుసు. నిజంగా తెలుసు. ముందర బూటు ఎడల్పు సేసినాను. మరిగిన నీళ్లలో గుడ్డ ముంచి సిటికెనేలు కాడ పలాస్టిక్కుకి పట్టించి, అది మెత్తబడ్డాక లోపల సింతకర్ర ముక్క బిగించి పొద్దుగూకే దాకా అలాగ వదిలీసినాను. ఉబ్బినాది. దాని ఏలికి సోటు దొరికినాది.

తర్వాత మెత్త. దానికి కాలు ఎక్కడ బరువు ఏత్తాదో తెలవాల. కంపినీలో అయితే దానికో మిసను ఉన్నాది, మీద కాలెడితే రంగులు సూపిత్తాది. నా కాడ ఏటున్నాది? పొయ్యిలో బూడిద. అరుగు మీద బూడిద జల్లి, ఒంటికాలి మీద నిలబడి, స్కేటు తొక్కేటప్పుడు ఎలాగ ఒంగుతావో అలాగ ఒంగే అన్నాను. అచ్చు పడినాది. మడమ కాడ, బొటనేలి మొదట్లో అరుగు కనిపించినాది, మజ్జన బూడిద అలాగే ఉండిపోనాది. ఇంకేటి కావాలి? మడమ కింద హవాయి సెప్పు రబ్బరు ఒక పొర, దాని కింద సైకిలు ట్యూబు. ముందర పక్క ట్యూబు ఒక్కటే, పల్సగా. మజ్జన పల్లంలోకి బూరుగు దూది. పైన నీ ఇంట్లోదే కాపీ గోనె ముక్క, సెమట పీల్సడానికి. నువ్వు ఎతికినావు కదా ఆ గోనె, ఎలకలు కొరికీసినాయని తిట్టినావు. ఎలకలు కాదు, మేమే.

మూడుసార్లు ఇప్పి మూడుసార్లు కుట్టినాను. మూడోసారి అది రోడ్డెక్కి మలుపు దాకా ఎళ్లి వొచ్చి, రొప్పుకుంటా, 'అత్తా, అదురు మడమ కాడే ఆగిపోతన్నాది. రోడ్డు మాత్రం బాగా తెలుత్తన్నాది' అన్నాది. నాను మొదటి ముక్కే ఇన్నాను ఒదినా. ఆ రెండో ముక్క నా సెవికెక్కనేదు.

మాస్టారు గడియారం పట్టుకుని సూసినారు. వారం తిరక్కుండా అందరికన్నా ముందర వొచ్చినాది. ఒక్క రాయి కాడే ఎనకబడిపోయేది.

ఎందుకో నీకు తెల్దేటి? మన ఊరోళ్లు ఎవులైనా జాకరమ్మ ముందర సెప్పుల్తోటి దాటుతారేటి? ఇప్పి సేత్తో పట్టుకుని, రాయి దాటాక ఏసుకుంటారు. సెప్పులంటే ఎంతసేపు? స్కేట్లంటే లేసులు ఇప్పాల, పైన పట్టీ ఇప్పాల, దాటినాక మళ్లీ మొదట్నుంచి బిగించుకోవాల. పక్క ఊరి పిల్లలు జుయ్యిమని ఎళ్లిపోతన్నా ఇది కూకుని ఇప్పుకునేది. మేజోళ్లతోటి నడిసి దాటి, అవతల గట్టు మీద కూకుని మళ్లీ కట్టుకునేది. మాస్టారు తల పట్టుకునేవోరు. 'ప్రసన్నా, గడియారం నీకోసం ఆగదమ్మా' అనేవోరు. 'అమ్మ తిడతాది సార్' అనేది.

నువ్వే నేర్పినావు కదా దానికి. సంకలో ఉన్నప్పుడే దాని కాళ్ల పట్టీలు కూడా ఇప్పి దాటించేదానివి. అలాంటి గుంట ఆ ఒక్కరోజు ఇప్పకుండా దాటీసిందంటే ఎలాగ నమ్మీసినావు ఒదినా?

లెగకు. గింజలు నాను తిరగేత్తన్నాను కదా. కూకో. పూర్తిగా ఇను.

పట్నం నుంచి హేమలత మేడమ్ వొచ్చినాది కదా, ఆటల సామాన్లు సేసే సిన్న కంపినీ ఆవిడ. మెల్లో ఫోను ఏలాడేసుకుని తిరిగినాది, ఆవిడే. మాస్టారు ఎక్కడో నా మెత్త గురించి సెప్పినారంట. కొండ పిల్లల కాళ్లకి సరిపడే మెత్తలు ఇక్కడే సేయించుకుంటాను, మీ ఇంటి కాడే మిసన్లు ఎట్టిత్తాను అన్నాది. నన్ను సోములమ్మగారూ అన్నాది. గారు! ఈ జనమకి నన్ను ఎవులూ గారు అన్నేదు.

కుర్సీ ఏసి కూకోబెట్టి నా మెత్త సేతికిచ్చినాను. బొటనేలితోటి మడమ కాడ నొక్కి సూసినాది. మళ్లీ నొక్కినాది. 'కొంచెం గట్టిగా లేదూ?' అన్నాది. అంతే. తిట్టనేదు, ఏటీ నేదు. రేపు ట్రయల్లో చూసి మాట్లాడుకుందాం అని ఎళ్లిపోనాది.

నానూ అక్కడే బొటనేలితోటి నొక్కి సూసినాను.

నీకు తెల్దు ఒదినా, కంపినీలో అదే కదా పెద్ద పరీచ్చ. ఆరేళ్లలో నాలుగేళ్లు నాను సెకింగు బల్ల కాడే నిలబడినాను. సరుకు కొనీవోళ్లు దేశాలు దాటి వొచ్చేవోళ్లు. ఆళ్లలో ఒక్కడైనా జోడు తొడుక్కుని నాలుగడుగులు నడిసినోడు నాకు కనబడనేదు. బల్ల మీద జోడు తీసి, లోపల బొటనేలు ఎట్టి నొక్కేవోళ్లు. దిగితే నవ్వు. దిగకపోతే ఆ సరుకంతా పక్కకి, మా సూపర్‌వైజరు నోటికి అడ్డూ ఆపూ ఉండీది కాదు. అందుకే మేమందరం ముందరే మా బొటనేళ్లతోటి నొక్కి సూసుకునేవోళ్లం. నొక్కితే దిగాల. నడిసీవోడి సంగతి ఎవులికి కావాలి? నాలుగేళ్లు నొక్కి నొక్కి నా బుర్రలో అదే ఉండిపోనాది.

ఇంకొకటి సెప్పనా? ఆ జిగురుకి నా ఏళ్ల కొసలు ఎప్పుడో మొద్దుబారిపోనాయి. సూది గుచ్చుకున్నా రగతం సూసాకే తెలుత్తాది. ఊర్లో ఎవులికీ సెప్పనేదు. సెప్తే కుట్టడానికి బట్టలు ఎవులిత్తారు?

మేడమ్ కారు అటెళ్లగానే నాను ఇటు బయల్దేరినాను. రిసార్టు ఎనకాల పాత పరుపులు పడీసి ఉంటాయి కదా, అక్కడ మంచి స్పాంజీ ముక్క సూసి కోసుకొచ్చినాను. పొద్దుగూకీలోపల పాత పొరలన్నీ పీకీసి, ఏలెడు మందం స్పాంజీ ఏసి, పైన ఎల్వెట్టు గుడ్డ కుట్టీసినాను. ఎర్రది. సూడ్డానికి పెళ్లికూతురి జోళ్లలాగ ఉన్నాయి. బొటనేలితోటి నొక్కినాను, దిగిపోనాది. మొద్దు ఏలికే అంత మెత్తగుందంటే మేడమ్ ఏటంటాదో అనుకుని మురిసిపోనాను. గుంట కాలు తొడిగి సూడనేదు. బూడిద జల్లి సూడనేదు. ఏటీ సూడనేదు.

తెల్లారీసరికి మంచు. రోడ్డుకి ఆ సివరా ఈ సివరా తాడు కట్టి కార్లు ఆపీసినారు. మాస్టారు కింద కలవర్టు దాటాక గడియారం పట్టుకుని నిలబడినారు. ఇద్దర్నే తీసుకుంటారు రాష్ట్రం పోటీలకి. నాను పైన ప్రసన్నకి స్కేట్లు తొడిగినాను. లెగిసి నిలబడినాది. రెండడుగులు జారి ఎనక్కి వొచ్చినాది.

'అత్తా, మడమ పైకొచ్చీసినాది. సీలమండ బూటులో కూకోటం నేదు' అన్నాది.

'కొత్తది కదే, సర్దుకుంటాది' అన్నాను.

'నేల తెలీటం నేదత్తా. పాతవి ఎయ్యవా?'

పాతవి ఎక్కడున్నాయి? పీకీసినాను కదా! 'సుకంగా ఉంటే అలాగే ఉంటాదే. ఈ ఒక్కరోజు ఏసుకో. మేడమ్ సూడ్డానికి వత్తాది' అన్నాను. మంకుపట్టు పట్టినా బాగుండును. పట్టనేదు. నా కేసి ఒకసారి సూసి, వంగి లేసులు ఇంకా గట్టిగా బిగించుకున్నాది. నేలని సూసుకుంటా కొండెక్కీ గుంట, ఒదినా. సీకట్లో ఏరు ఎక్కడుందో రాయి ఎక్కడుందో అరికాలితోటి సెప్తాది. దాని అరికాలికి నాను గంతలు కట్టీసినాను.

ఏటి సేత్తన్నావు? ముడి ఎందుకిప్పుతన్నావు? సూత్తావా మెత్తలు? సూడు. ఎర్రగా ఉంటాయి. నొక్కు, నీ ఏలితోటి నొక్కు. సూసావా. బాగున్నాయి కదా.

పక్కనెట్టు. ఇంకా ఉన్నాది సెప్పాల్సింది.

నాను అడ్డదారిన దిగి రాయి కాడికొచ్చి నిలబడినాను. మేడమ్ ఇంకా కారు కాడే ఉన్నాది. ముందర పిల్లలు ఎళ్లిపోనారు, తర్వాత ఇది వొచ్చినాది. వొచ్చి...

ఆగు. ఇప్పుడు నీళ్లుంటే ఇయ్యి. నేదా, వద్దులే.

వొచ్చి, కూకున్నాది ఒదినా. రాయికి ఇవతల కూకుని, లేసులు ఇప్పి, పట్టీ ఇప్పి, రెండూ సంకలో ఎట్టుకుని, మేజోళ్లతోటి నడిసి దాటినాది. దండం కూడా ఎట్టినాది. అవతల గట్టు మీద కూకుని మళ్లీ కట్టుకున్నాది. నాను అంత దూరంలో ఉన్నాను, నువ్వున్నంత దూరంలో. రెండు కళ్లతోటీ సూసాను.

అవును. ఇప్పినాది. నీ కూతురు ఇప్పినాది.

తర్వాత లెగిసి, పోయిన టైము రాబట్టుకోవాలని జోరుగా తొక్కినాది. అప్పుడే మేడమ్ నా పక్కకొచ్చి ఫోనెత్తినాది. దిగువ మలుపు కాడ ప్రసన్న ఒంగినాది. కాలు ఒంగినాది గానీ బూటు ఒంగనేదు. లోపల మెత్త మీద పాదం జారిపోయి సీలమండ పక్కకి పడిపోనాది. ఆ సప్పుడు రాయి కాడున్న నాకు ఇనిపించినాది. కలవర్టు గోడకి కొట్టుకుని కింద పడినాది.

మేడమ్ పరిగెత్తుకుంటానే అడిగినాది, 'షూలో ఏమైనా తేడా వచ్చిందా సోములమ్మగారూ?' అని. కోపంగా కాదు, ఊరికే, కంగారుగా అడిగినాది. నా నోట్లోంచి వొచ్చీసినాది. 'నేదు మేడమ్, జోళ్లు బాగానే ఉన్నాయి. అమ్మోరి రాయి కాడ ఇప్పకుండా దాటీసినాది, అందుకు' అనీసినాను.

నానే ఒదినా. ఆ మాట అన్నది నానే.

ఆలోసించి అన్నేదు. గుంట అక్కడ రోడ్డు మీద పడి ఉంటే, నాకు ముందర నా మెత్త గేపకం వొచ్చినాది. ఎనక పుల్లల మోపుతోటి ఈశ్వరమ్మ ఉందని కూడా సూసుకోనేదు. అంబులెన్సు వొచ్చీలోపల ఆ మాట నీ ఇంటికి వొచ్చీసినాది. ఆ మర్నాడు దిసారి నన్నే పిలిసి అడిగినాడు, 'నువ్వు సూసావా సోములమ్మా?' అని. సూసాను అన్నాను. ఆయన నా మాట నమ్మే మేక సెప్పినాడు. ఆయన తప్పేటీ నేదు.

ఆస్పత్రిలో నువ్వు దాన్ని అడిగినావు. 'ఇప్పినావా నేదా?' అని. 'ఇప్పినానమ్మా' అన్నాది. మళ్లీ అడిగినావు. మళ్లీ అదే సెప్పినాది. 'దాటింది సాలక అబద్దం కూడానా' అని సెంప మీద కొట్టినావు. సెలైను ఎక్కుతున్న గుంటని.

నాను తలుపు కాడ నిలబడి ఉన్నాను, ఈ స్కేట్లు పట్టుకుని. అది నా కేసి సూసినాది ఒదినా. 'అత్త సూసినాది, అత్తని అడుగు' అనొచ్చు కదా? ఒక్క మాట కదా? అన్నేదు. నాను నేల సూసుకుంటా నిలబడినాను. ఆ తర్వాత అది నీతో మాట్లాడటం మానీసినాది, నువ్వు నాతో మానీసినావు. ఇంట్లో ఎవులూ ఎవులితోటీ మాట్లాడ్డం నేదు. అంతా నా ఒక్క మాట వల్ల.

ఇప్పుడు ఎందుకు సెప్తన్నావు అంటావా? మంచిదాన్నయిపోనానని కాదు. పొద్దున్న ఇంటి కాడ బయల్దేరినప్పుడు కూడా ఇది సెప్దామని రానేదు. మెత్తలు తీసుకుపోయి పొయ్యిలో ఎట్టీడానికి వొచ్చినాను. గెడ్డలో పారేత్తే ఎవులికైనా దొరుకుతాయేమో, మాస్టారు గానీ మేడమ్ గానీ సూత్తే పట్టీసుకుంటారేమో అని బయం. నీ ఎదర కూకున్నాక కూడా అదే ఆలోసన. నువ్వు గోనె ఇచ్చీసి ఉంటే ఈ పాటికి ఎళ్లిపోయి ఉందును.

నిన్న నువ్వు సంతకెళ్లినప్పుడు ఒకసారి వొచ్చినాను. మెత్తల కోసమే. నీకు తెల్దు. గుంట ఒక్కతే ఉంది, మెలుకువగానే ఉంది. నాను మంచం కాడ నిలబడిపోనాను. తిడతాదనుకున్నాను. ఎందుకు అబద్దం ఆడినావని అడుగుతాదనుకున్నాను. అడిగితే ఏటి సెప్పాలో దారంతా అనుకునే వొచ్చినాను.

'అత్తా, ఇంకోసారి సేసినప్పుడు మెత్త పల్సగా సెయ్యి. మందంగా ఉంటే నేల తెల్దు' అన్నాది.

అంతే. గోడ కేసి తిరిగి పడుకున్నాది.

ఇంకోసారి అన్నాది ఒదినా. నా సేత్తో ఇంకోసారి.

మేక సంగతి నీ ఇష్టం. కోత్తే నా పేరున కొయ్యి, ఆ తల్లి మీద అబాండం ఏసింది నాను. దిసారికి నానే సెప్తాను. ఈశ్వరమ్మకి కూడా నానే సెప్తాను, దానికి సెప్తే ఊరంతటికీ సెప్పినట్టే. మేడమ్‌కి ఫోను సేసి సెప్తాను. ఆ పని పోతే పోనీ.

గుంటకి మాత్రం నాను సెప్పినా ఒకటే సెప్పకపోయినా ఒకటే, నిజం ఏటో దానికి తెలుసు. దానికి కావాల్సింది నువ్వు. నువ్వెళ్లి, అమ్మా నువ్వు ఇప్పినావు, నాను నమ్మనేదు అను. నన్ను తిట్టడానికి సాయంత్రం దాకా టైముంది. నాను ఎక్కడికీ పోను, ఈ గింజలన్నీ తిరగేసే ఉంటాను.

ఎళ్లు ఒదినా. బేగి ఎళ్లు. ముందర దాని కాడికెళ్లు.